కాకతీయ రాజు గణపతిదేవుడి పేరు మీద ఉత్సవాలు జరిపే వారికి ఒక మద్దెల కళాకారుడి బహిరంగ లేఖ

ఉమ్మడి వరంగల్ జిల్లాలో కాకతీయుల పేరుతో సభలు, ఉత్సవాలు నిర్వహించే అధికారులకు, కమిటీ పెద్దలకు నమస్కారాలు.

నేను హనుమకొండలో ఉంటాను. ఇరవై రెండేళ్లుగా పేరిణి నృత్య బృందాలకు మృదంగం వాయిస్తున్నాను. మా వాడలో అందరూ దాన్ని మద్దెల అనే అంటారు, నాకూ ఆ మాటే ఇష్టం. మీలో చాలామంది నన్ను చూసే ఉంటారు. వేదికకు ఎడమ పక్కన, స్పీకర్ బాక్సుల వెనక కూర్చునేది మేమే.

మీ సభల్లో కళాకారులకు అందని డబ్బు, వసతుల సంగతి ఇలా పదిమందిలో పెట్టడం నాకు ఇష్టం లేదు. ముందు మూడుసార్లు కాగితం పెట్టుకున్నాం. మొదటిదానికి రసీదు ఇచ్చారు. రెండోదానికి ఫైలు పైకి వెళ్లిందన్నారు. మూడోది తీసుకున్న ఉద్యోగి మంచివాడు, కూర్చోబెట్టి చాయ్ తాగించి, "మీది ఏ హెడ్డు కిందికి వస్తదో మాకే తెలుస్తలేదు సార్" అన్నాడు. పదకొండు నెలలైంది. ఆ హెడ్డు, అంటే మా ఖర్చు రాసే పద్దు, ఇంకా దొరకలేదు.

జరిగింది చెబుతాను. ఎవరినీ పేరు పెట్టి అనడం లేదు. ఇది ఒక్కచోట జరిగింది కూడా కాదు, కాకపోతే పోయిన వేసవిలో జరిగినదాన్ని పిల్లలు ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆరు గంటలకు కార్యక్రమం, మూడింటికల్లా రావాలి అన్నారు. తొమ్మిది మంది పిల్లలు, ఐదుగురు వాద్యకారులం వెళ్లాం. పిల్లలకు గజ్జెలు కట్టి, మేకప్ వేసి కూర్చోబెట్టాం. నీడ లేదు, షామియానా అతిథుల కుర్చీల వరకే వేశారు. ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి చోటు అడిగితే ఫ్లెక్సీ వెనక్కి వెళ్లమన్నారు. ఇద్దరు తల్లులు చీర అడ్డం పట్టుకుని నిలబడ్డారు. ఆ ఫ్లెక్సీ మీద ఉన్నది గణపతిదేవ చక్రవర్తి. ఇరవై అడుగుల బొమ్మ, ఏ సినిమా రాజుదో కిరీటం.

మృదంగం తెలియని వాళ్ల కోసం ఒక మాట. దాని ఎడమ మూతకు నడుమ తడి రవ్వ ముద్ద పెడతాం. మామూలు ఉప్మా రవ్వే. ఆ ముద్ద బరువుకే ఎడమ చేతి దెబ్బ లోతుగా పలుకుతుంది. తడి ఉన్నంతసేపే పలుకు. అందుకే వాయించే ముందు పావుగంటకు పెడతాం, అయిపోగానే గీకేస్తాం. ఆ రోజు "మీదే నెక్స్ట్" అని నాలుగున్నరకు ఒకసారి, ఆరున్నరకు ఒకసారి, ఎనిమిదింటికి ఒకసారి చెప్పారు. మూడుసార్లు రవ్వ పెట్టాను. మూడుసార్లూ ఎండి, పెచ్చులూడి ఒళ్లో పడింది. తెచ్చుకున్న రవ్వ అయిపోతే మా శిష్యుడు రోడ్డు దాటి టిఫిన్ సెంటర్‌లో అడుక్కొచ్చాడు. ఆ టిఫిన్ సెంటర్ ఆయన డబ్బులు తీసుకోలేదు. ఆ రోజు మాకు దక్కిన పోషణ అదొక్కటే.

ముఖ్య అతిథి తొమ్మిదిన్నరకు వచ్చారు. పన్నెండు నిమిషాల అంశాన్ని మూడు నిమిషాలు చేయమన్నారు. పేరిణిలో ఘర్ఘరం అని ఒక అంగం ఉంది. పాదం కదలికతో గజ్జెలను పలికించడం. అక్కడ నేను మద్దెల తగ్గిస్తాను, గజ్జెలొక్కటే వినబడాలి. పిల్లలు ఏడాది పాటు సాధన చేసేది ఆ నిమిషం కోసమే. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి మైకులో "కళాకారులకు ధన్యవాదాలు" అని వినిపించింది. ఆ తర్వాత గంటసేపు ఉపన్యాసాలు. ఓరుగల్లు కళలకు పుట్టిల్లు అని నలుగురు చెప్పారు. నలుగురూ గణపతిదేవుడి పేరు తలిచారు.

అందుకే ఆ రాజు సంగతి కొంచెం మాట్లాడాలనుకుంటున్నాను. మా పంచాయితీకి, ఆయనకు సంబంధం ఉంది.

1. గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా ఏలాడు. అరవై ఏళ్లకు పైమాటే. మొదలైంది మాత్రం చెరలో. తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవులతో యుద్ధంలో చనిపోయాడు, కొడుకు వాళ్లకు బందీగా చిక్కాడు. రాజు లేని రాజ్యాన్ని చెదరకుండా కాపాడినవాడు సేనాని రేచర్ల రుద్రుడు. గణపతిదేవుడు విడుదలై వచ్చాక పద్నాలుగేళ్లకు, 1213లో, అదే రుద్రుడు పాలంపేటలో రుద్రేశ్వరాలయం కట్టించాడు. మనం రామప్ప అంటున్నది దాన్నే. 2021 జులైలో యునెస్కో జాబితాలోకి ఎక్కినప్పుడు మీరంతా టపాసులు కాల్చారు, మేమూ కాల్చాం. ఆ గుడి స్తంభాల మీద, దూలాల మీద నర్తకులు ఎందరున్నారో ఈసారి వెళ్లినప్పుడు చూడండి. వాళ్ల పక్కన మద్దెలవాళ్లను కూడా చూడండి. చెక్కిన శిల్పి వాద్యగాణ్ని స్పీకర్ బాక్సు వెనక పెట్టలేదు.

2. రాజ్యానికి వచ్చిన కొత్తలోనే తీరం మీద దివిసీమను గెలిచాడు. గెలిచి, అక్కడి అయ్య వంశంతో సంబంధం కలుపుకున్నాడు. నారాంబ, పేరాంబ అనే అక్కచెల్లెళ్లను పెళ్లాడాడు, వాళ్ల తోడబుట్టిన జాయపను వెంట తెచ్చుకున్నాడు. బావమరిదిని ఏనుగుల దండుకు అధిపతిని చేశాడు. అంతవరకు ఏ రాజైనా చేసే పనే. దానితో పాటు గుండామాత్యుడి దగ్గర నాట్యం నేర్పించాడు. ఆ జాయపే 1253-54లో నృత్తరత్నావళి రాశాడు. ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగు శాస్త్రం చెప్పిన మార్గ పద్ధతికి, తర్వాతి నాలుగు దేశి ఆటలకు. సగానికి సగం పుస్తకం జనం ఆడే ఆటలకు ఇచ్చాడు. పేరణి (మన పేరిణే), ప్రేంఖణం, రాసకం, చర్చరి, కందుకం, చిందు, కర్రలతో ఆడే దండరాసకం, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఏనుగులను యుద్ధానికి నడిపే మనిషి, బతుకమ్మలకు మన ఊళ్లలో వేసే కోలాటం లాంటి ఆటను కూర్చుని చూసి, అడుగు అడుగు రాసిపెట్టాడు. గీతరత్నావళి, వాద్యరత్నావళి అని మరో రెండు కూడా రాశాడంటారు, అవి దొరకలేదు. వాద్యరత్నావళి పోవడం నాకు సొంత ఇంట్లో దొంగలు పడ్డట్టు అనిపిస్తుంది.

3. మీకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది మోటుపల్లి సంగతి. ఇప్పటి బాపట్ల జిల్లా తీరంలో అదొక పాత రేవు. 1244-45లో అక్కడ ఒక స్తంభం మీద గణపతిదేవుడు అభయ శాసనం వేయించాడు. అంతకుముందు తుఫానుకు ఓడ కొట్టుకొచ్చి ఒడ్డున పడితే అందులోని సరుకంతా రాజులు లాక్కునేవారు. ఇకమీదట అలా చేయం, నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోం అని చెక్కించాడు. ధనం ప్రాణం కన్నా ప్రియం అనుకుని అంత సముద్రం దాటి వచ్చిన వాళ్లు కదా అని కారణం కూడా రాయించాడు. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పయ్యో వంతు. చందనం, కర్పూరం, ముత్యాలు, పగడాలు, దంతం, మిరియాలు, పోకలు అంటూ ఏ సరుకుకు ఏ లెక్కో కింద చేర్చారు. ఎక్కడో పరాయి దేశపు వర్తకుడు, రాజును జన్మలో చూడనివాడు, ఆ రాయి చూసి నమ్మి సరుకు దించాడు. మేము మీ జిల్లాలోనే పుట్టాం, మీ వేదిక మీదే ఆడాం. మాకు వాట్సాప్‌లో "ఓకే సర్" అన్న మెసేజ్ తప్ప రాతపూర్వకంగా ఏదీ ఇవ్వలేదు.

4. ఇంకో శాసనం ఉంది. గణపతిదేవుడు తన గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి కృష్ణ ఒడ్డున మందడం గ్రామం ఇస్తానని నోటిమాటగా చెప్పాడు. ఆ మాటను 1261లో కూతురు రుద్రమదేవి మల్కాపురం శాసనంతో చెల్లించింది, వెలగపూడిని కూడా కలిపి ఇచ్చింది. ఆ ఆదాయంతో నడవాల్సినవి ఏమిటో చూడండి. గుడి, మఠం, చదువు చెప్పేవాళ్లు, అన్నసత్రం, ప్రసూతిశాల, ఆరోగ్యశాల. వాటితో పాటే ఆడేవాళ్లు, పాడేవాళ్లు, వాయించేవాళ్లు. అందరికీ భూమిలో వాటాలు. కాన్పులు చేసే చోటుకు ఎలా లెక్క రాశారో మద్దెలకూ అలాగే రాశారు. ఏ హెడ్డు కిందికి వస్తుందో ఆ లేఖరికి తెలిసింది.

5. ఆ భూమికి నీళ్లెక్కడివి? చెరువుల నుంచి. రామప్ప చెరువు గుడి కట్టించిన రేచర్ల రుద్రుడిదే. పాఖాల చెరువు గణపతిదేవుడి మంత్రి కొడుకు జగదాల ముమ్మడి తవ్వించాడు. రెండింటి కింద ఇప్పటికీ పంట పండుతోంది. చెరువు కట్టినవాడికి, దాన్ని బాగుచేసేవాడికి దశబంధ మాన్యం అని ఆయకట్టులో వాటా ఉండేది. చెరువు నిండితే పొలం, పొలం పండితే గుడి, గుడి నడిస్తే మద్దెలవాడి ఇంట్లో పొయ్యి. ఈ లంకె ఎక్కడా తెగకుండా చూసుకోవడమే ఆ రోజుల్లో కళాపోషణ. కచేరీ అయ్యాక శాలువా కప్పడం కాదు. మా బీరువాలో ముప్పై ఒక్క శాలువాలున్నాయి. లెక్కపెట్టింది మా ఆవిడ, కోపంతో.

రాజును దేవుణ్ని చేయడం నా ఉద్దేశం కాదు. యుద్ధాలు చేశాడు, ఊళ్ల మీద పన్నులు వేశాడు. ఆ వాటాల్లో ఎవరికి ఎంత దక్కిందో, ఎవరి చెమట మీద దక్కిందో అడగాల్సిన ప్రశ్నలే. ఆయన పాలన మీకు నమూనాగా పనికిరాదంటే వాదించను. అప్పుడు ఆయన బొమ్మ మాత్రం మీకు ఎందుకు?

6. లంకె తెగితే ఏమవుతుందో కూడా మన ఊరే చూసింది. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనలకు లొంగింది. కోటలో స్వయంభూ దేవాలయం కూలింది, నాలుగు తోరణాలు మిగిలాయి. ఆ తోరణాలను మీరు లెటర్‌హెడ్‌ల మీద వేస్తున్నారు. పేరిణిని ఎవరూ నిషేధించినట్టు నేను ఎక్కడా చదవలేదు. ఆడించే గుడులు, తినిపించే మాన్యాలు పోయాక ఆటగాళ్లు వేరే బతుకులు చూసుకుని ఉంటారు. ఆరు వందల ఏళ్ల తర్వాత నాట్య గురువు నటరాజ రామకృష్ణ గారు జాయప పుస్తకం ఒక చేత, రామప్ప శిల్పాలు ఎదుట పెట్టుకుని దాన్ని మళ్లీ నిలబెట్టాల్సి వచ్చింది. రాయి చూసి అడుగు పట్టుకోవడం ఎంత కష్టమో మా పిల్లలకు తెలుసు. శిల్పంలో ఒక భంగిమ ఉంటుంది, దానికి ముందు అడుగు ఏమిటో, తర్వాత ఏమిటో రాయి చెప్పదు.

ఇప్పుడు మా ఇళ్ల సంగతి.

7. ఆ రోజుకు పద్దెనిమిది వేలు ఇస్తామన్నారు, నోటిమాటగా. ఇప్పటికీ రాలేదు. అది ఎవరెవరిదో చెబుతాను. వ్యాను ఆయనకు నాలుగున్నర వేలు. పాపం ఆయన రెండు నెలలు ఆగి, మూడో నెల నుంచి నా ఫోన్ ఎత్తడం మానేశాడు, మళ్లీ వ్యాను అడుగుతానని భయం. పంచెలు, నడుము పట్టీలు కుట్టిన టైలరమ్మకు పదిహేను వందలు బాకీ. మృదంగం మూతలు కొత్తవి వేసే ముసలాయన ఒకాయన ఉన్నాడు. ఉమ్మడి జిల్లాలో ఆ పని సరిగ్గా చేసేవాళ్లు నాకు తెలిసి ఇద్దరే. వార్లు బిగించి, నల్లటి ముద్దను పొర మీద పొర రాసి, ఒక్కో పొరా గులకరాయితో రుద్ది ఆరబెట్టాలి. రెండు రోజుల పని. "బిడ్డా, మూత చిరగకముందే పైసలు తీసుకురా, చిరిగినంక కాదు" అన్నాడు నాతో. ఆయన కొడుకు ఆ పని నేర్చుకోలేదు, సెల్ రిపేర్ షాపు పెట్టాడు. తప్పు పట్టలేను.

8. తొమ్మిది మందిలో ముగ్గురు పిల్లలు మానేశారు. ఒకమ్మాయి తల్లి ఇంటికొచ్చి, "అన్నా, పిల్ల ఆటకు నేను అడ్డం కాదు. ఫ్లెక్సీ వెనక బట్టలు మార్చుకోవడానికి మాత్రం పంపను" అంది. ఏం జవాబు చెప్పాలి? ఇంకో అబ్బాయి తండ్రి ఆటో నడుపుతాడు. రాత్రి పదకొండింటికి మా కోసం కిరాయి వదులుకుని వచ్చాడు. ఆ అబ్బాయి ఘర్ఘరం చేస్తే కళ్లు మూసుకుని కూడా తాళం వేయొచ్చు. ఇప్పుడు పొద్దున్నే పాల ప్యాకెట్లు వేస్తున్నాడు.

9. మాకు సాధనకు చోటు లేదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చేసేవాళ్లం, చప్పుడని వద్దన్నారు. వాళ్ల బాధ వాళ్లది. ఇప్పుడు గుట్ట కింద ఖాళీ జాగాలో, పొద్దున ఆరింటికి, గులకరాళ్లు ఏరేసి ఆడుతున్నాం. కాళ్లకు బొబ్బలు. వాన పడితే సెలవు.

మేము అడుగుతున్నవి ఇవి. ఏ ఒక్కటీ కొత్త జీవో కావాల్సినంత పెద్దది కాదని మా నమ్మకం.

ఒకటి. పిలిచే ముందు ఒక పేజీ కాగితం ఇవ్వండి. తేదీ, గంట, ఎన్ని నిమిషాలు, ఎంత డబ్బు, ఇచ్చేది ఎవరు, ఎప్పుడు. సంతకం, ముద్ర. మోటుపల్లి రాయి అంత అక్కర్లేదు, ఏ4 సైజు చాలు.

రెండు. సగం ముందు, మిగతా సగం వ్యాను ఎక్కేలోపు. వ్యాను ఖర్చు వేరుగా. ఇప్పటిదాకా బాకీ ఉన్నవి ఏ బృందానికి ఎంతో జాబితా పెట్టి, తీర్చే తేదీ చెప్పండి. మా ఒక్కరిదే కాదు, ఒగ్గు కథ వాళ్లది, చిందు యక్షగానం వాళ్లది, డప్పు వాళ్లది కూడా. వాళ్ల బాకీలు మాకంటే పాతవి.

మూడు. అతిథి ఆలస్యమైతే ఆట మొదలుపెట్టనివ్వండి. అతిథి వచ్చి మధ్యలో కూర్చుంటే ఎవరి గౌరవమూ తగ్గదు. మొదలైన అంశాన్ని మధ్యలో ఆపకండి. నిమిషాలు తగ్గించాలంటే ముందురోజే చెప్పండి, తగ్గించి కూర్చుకుంటాం. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను రాత్రి తొమ్మిది దాటి ఉంచొద్దు.

నాలుగు. తలుపు, గడియ ఉన్న గది ఒకటి. నీళ్లు, నీడ, బాత్రూమ్. దీని గురించి ఇంతకంటే రాయడానికి సిగ్గుగా ఉంది.

ఐదు. హనుమకొండ, వరంగల్, ములుగులో ఒక్కో ప్రభుత్వ బడి హాలు పొద్దున గంటన్నర వాడుకోనివ్వండి. కరెంటు బిల్లు మేము కడతాం. తాళం చెవి వాచ్‌మన్ దగ్గర ఉన్నా పర్వాలేదు, ఆయన ఆరింటికి లేస్తే చాలు.

ఆరు. పేరిణి నేర్పేవాళ్లకు ప్రభుత్వ బడుల్లో గౌరవ వేతనం మీద పని ఇవ్వండి. నర్తించే గురువుతో పాటు వాద్యం నేర్పేవాళ్లకు కూడా. పెన్‌డ్రైవ్‌లో పాట పెట్టుకుని ఆడొచ్చు కదా అని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చారు. ఆడొచ్చు. పిల్లవాడు అడుగు తప్పితే పెన్‌డ్రైవ్ ఆగి అందుకోదు, నేను అందుకుంటాను. అంతే తేడా.

ఏడు. రామప్పకు వచ్చేవాళ్లు నీళ్లలో తేలే ఇటుక గురించి, ఇసుక పునాది గురించి విని వెళ్లిపోతున్నారు. అది మంచిదే. దూలాల మీద ఉన్న ఆట ఏమిటో, దాన్ని రాసిన జాయప ఎవరో తెలుగులో ఒక బోర్డు పెట్టించండి.

వీటిలో ఏది కుదురుతుంది, ఏది కుదరదు, ఎందుకు కుదరదు అన్నది నెల రోజుల్లో రాతపూర్వకంగా చెప్పమని కోరుతున్నాం. కుదరదన్నా పర్వాలేదు, కాగితం మీద చెప్పండి.

ఈ లేఖ పూర్తిచేస్తుండగానే ఒక ఫోన్ వచ్చింది. వచ్చే నెల సభ ఉందట, గణపతిదేవుడి మీదేనట, "మీ పేరిణి లేకుంటే ఎట్ల సార్" అన్నారు. సంతోషం, తప్పకుండా వస్తాం, కాగితం పంపండి అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత చూసి చెబుతామన్నారు. రవ్వ నానబెట్టలేదు, చూస్తున్నాను.

ఇట్లు,
ఒక మద్దెల కళాకారుడు,
హనుమకొండ